సీటు మనది, బీ-ఫారం పార్టీది, మరి డబ్బు ఎవరిది?



పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా. మెస్ లైన్లో నిలబడి చదివితే సగంలోనే వదిలేస్తారు. రాత్రి తీరిగ్గా చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఎవరో ఎలక్టోరల్ బాండ్ల వీడియో పెడితే, కింద ఒక అన్న ఇలా రాశాడు: "జీవో 3 పోయింది, దాని గురించి మాట్లాడండి. కంపెనీలు పార్టీలకి డబ్బులిస్తే మనకేంటి? మన జేబులోంచి పోయిందా?" దానికి చాలామంది లైక్ కొట్టారు. అన్న మీద నాకు కోపం లేదు. మన దగ్గర చాలామంది అనుకునేదే ఆయన రాశాడు. కానీ ఆ మాట తప్పు. జీవో 3, 1/70, పెసా, పోడు పట్టా, ఇవన్నీ ఏ చోట బతుకుతాయో, ఏ చోట చస్తాయో తెలియాలంటే పార్టీలకి డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో తెలియాలి. ఇది మన విషయమే. ఎందుకో వరసగా చెప్తా.

ముందు బూత్ దగ్గర మొదలుపెడదాం.

ఎన్నికలప్పుడు మన కొండల మీదకి పోలింగ్ సిబ్బంది ఎలా వస్తారో మనందరం చూశాం. జీపు పోయినంత దూరం జీపు, అక్కడ నుంచి నడక, భుజాల మీద మిషన్లు. గుజరాత్ గిర్ అడవిలో ఒక్క ఓటరు కోసం బూత్ పెట్టారని పేపర్లో చదివాం. ఈ ఖర్చంతా ఎవరిది? ప్రభుత్వానిది. లోక్‌సభ ఎన్నికైతే కేంద్రం, అసెంబ్లీ ఎన్నికైతే రాష్ట్రం, రెండూ కలిసొస్తే పంచుకుంటారు. రేపు ఒక బాక్సైట్ కంపెనీ వచ్చి "మీ మండలంలో బూత్‌ల ఖర్చు మేం పెట్టుకుంటాం, సిబ్బంది భత్యం మేం ఇస్తాం" అంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఊళ్ళో చదువు రాని ముసలాయన కూడా "ఎందుకిస్తున్నాడు వాడు?" అని అడుగుతాడు.

అమెరికాలో ఇలాంటిది నిజంగానే జరిగింది. 2020లో కరోనా టైములో ఎన్నికలు నడపడానికి స్థానిక ఆఫీసుల దగ్గర డబ్బు చాల్లేదు. ఫేస్‌బుక్ ఓనర్ జుకర్‌బర్గ్, ఆయన భార్య కలిసి దాదాపు 35 కోట్ల డాలర్లు ఒక సంస్థ ద్వారా ఆ ఆఫీసులకి ఇచ్చారు. మాస్కులకి, బ్యాలెట్ మిషన్లకి, సిబ్బందికి వాడుకున్నారు. తర్వాత పెద్ద గొడవైంది. ఇరవైకి పైగా రాష్ట్రాలు ఎన్నికల నిర్వహణకి ప్రైవేటు డబ్బు తీసుకోకూడదనో, తీసుకుంటే ఇన్ని షరతులనో చట్టాలు చేశాయి. విస్కాన్సిన్‌లో 2024 ఏప్రిల్‌లో జనం ఓటేసి రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఆ గొడవలో వాళ్ళ పార్టీల రాజకీయం చాలా ఉంది, అది మనకి అక్కర్లేదు. డబ్బు పెంచకుండా విరాళం ఒక్కటీ ఆపేస్తే పేదల బూత్‌లే మూతపడతాయి అన్న వాదన కూడా ఉంది, అది న్యాయమైన వాదనే. నేను తీసుకునేది ఒక్క ముక్క: ఎన్నిక నడిపేవాడి చేతిలో ప్రైవేటు వాడి డబ్బు పడితే జనానికి అనుమానం వస్తుంది.

మరి మన దేశంలో ఏం చేశాం? బూత్ ఖర్చు ప్రభుత్వానిది అని గట్టిగా పెట్టుకున్నాం. బూత్‌లో మిషన్ మీద ఎవరి పేర్లుండాలో, ఊరూరా ఎవరి జీపులు తిరగాలో, ఎవరి మాట టీవీలో రావాలో, ఆ ఖర్చు మాత్రం కంపెనీలకి వదిలేశాం. ఆట జరిగే గ్రౌండు ప్రభుత్వానిది, ఆడేవాళ్ళకి జీతాలిచ్చేది కాంట్రాక్టరు.

ఇది ఒక్కరోజులో జరగలేదు. 1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం కంపెనీలు పార్టీలకి విరాళాలివ్వడాన్ని నిషేధించింది. 1985లో మళ్ళీ తెరిచారు, కానీ షరతులు పెట్టారు. తర్వాత చట్టంలో ఆ పరిమితి ఇలా స్థిరపడింది: మూడేళ్ళ సగటు లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదు, ఏ పార్టీకి ఎంత ఇచ్చారో కంపెనీ లెక్కల్లో చూపించాలి. 2017లో ఫైనాన్స్ చట్టంతో పాటు ఈ రెండు కట్లూ తెంపేశారు. లాభం లేని కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చు, ఎవరికిచ్చిందో చెప్పక్కర్లేదు. 2018 జనవరిలో బాండ్ల పథకం వచ్చింది. స్టేట్ బ్యాంకుకి వెళ్ళి వెయ్యి నుంచి కోటి రూపాయల దాకా బాండు కొనాలి, పార్టీకివ్వాలి, పార్టీ పదిహేను రోజుల్లో మార్చుకోవాలి. బాండు మీద కొన్నవాడి పేరుండదు. రిజర్వ్ బ్యాంకు వద్దంది. ఎన్నికల సంఘం 2017లోనే ఇది వెనకడుగు అని న్యాయశాఖకి రాసింది. విన్నవాడు లేడు.

పేరుండదన్న మాట కూడా సగమే నిజం. బాండు కొనేటప్పుడు కేవైసీ ఇవ్వాలి. బాండు మీద మామూలు కంటికి కనపడని నంబరు ఉందని 2018లోనే ఒక జర్నలిస్టు ల్యాబ్‌లో పరీక్ష చేయించి బయటపెట్టింది. అంటే బ్యాంకుకి తెలుసు. ఇచ్చినవాడికి తెలుసు, తీసుకున్నవాడికి ఇచ్చినవాడు చెప్పుకోకుండా ఉంటాడా? తెలియంది ఓటేసే మనకి మాత్రమే.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ ఈ పథకాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఏ పార్టీకి ఎవరు డబ్బిస్తున్నారో తెలుసుకోవడం ఓటరు హక్కు అంది. కంపెనీలు అంతు లేకుండా ఇవ్వొచ్చన్న సవరణని కూడా కొట్టేసింది. మార్చి 6లోగా వివరాలివ్వమంటే స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా టైము అడిగింది. మన రెండు రాష్ట్రాల్లో పోలింగ్ మే 13న, లెక్కింపు జూన్ 4న. అంటే మనం ఓట్లేసి, గెలిచినవాళ్ళు ప్రమాణం చేసి, అన్నీ అయ్యాక లెక్కలు చూపిస్తారట. కోర్టు ఒప్పుకోలేదు. మార్చిలో పేర్లు బయటికొచ్చాయి.

ఆ పేర్లలో మనకి తెలిసినవి చూడండి.

2019 ఏప్రిల్ నుంచి 2024 జనవరి వరకు లెక్కలో బీజేపీకి 6 వేల కోట్లకి పైన. తృణమూల్‌కి 1,600 కోట్లు, కాంగ్రెస్‌కి 1,400 కోట్ల పైన. మన దగ్గర బీఆర్‌ఎస్‌కి 1,200 కోట్లకి పైన, వైఎస్సార్ కాంగ్రెస్‌కి 330 కోట్లకి పైన, తెలుగుదేశానికి 210 కోట్లకి పైన. సీపీఎం తీసుకోలేదు, పైగా కోర్టుకెళ్ళిన వాళ్ళలో అది కూడా ఒకటి. మిగతా పెద్ద పార్టీల్లో జెండా రంగు చూసి ఎవరినీ వెనకేసుకు రావడానికి లేదు.

ఇచ్చినవాళ్ళు? వేదాంత దాదాపు 400 కోట్లు. పెద్ద వాటా బీజేపీకి, తర్వాత కాంగ్రెస్‌కి, ఒడిశాలో అప్పుడు అధికారంలో ఉన్న బీజేడీకి కూడా. ఎస్సెల్ మైనింగ్ 224 కోట్లు, అందులో ఎక్కువ భాగం బీజేడీకి. ఉత్కళ్ అల్యూమినా 145 కోట్లు. హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లు, దేశంలోనే రెండో స్థానం. పోలవరం ప్రధాన పనులు 2019 చివర నుంచి చేస్తున్న కంపెనీ ఇదే. పోలవరం ముంపు కింద లక్షకి పైగా కుటుంబాలు, అందులో కోయలు, కొండరెడ్లు ఎంతమందో మన గ్రూపులో ఉన్న ముంపు మండలాల పిల్లల్ని అడగండి.

పార్వతీపురంలో రైలెక్కితే గంటలో రాయగడ. అటుపక్క కోంధ్‌లు, ఇటుపక్క మన జాతాపులు, కోదులు, ఒక్క మూలం నుంచి వచ్చినవాళ్ళే. ఆ రాయగడ జిల్లా కాశీపూర్‌లోనే ఉత్కళ్ అల్యూమినా ప్రాజెక్టు. వద్దని పోరాడినందుకు 2000 డిసెంబర్‌లో మైకంచ్ ఊళ్ళో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చచ్చిపోయారు. అదే జిల్లాలో నియమగిరి. అక్కడ వేదాంత లాంజీగఢ్ రిఫైనరీకి బాక్సైట్ తవ్వాలనుకుంటే, 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలని అడగమంది. పన్నెండు గ్రామసభలు జరిగాయి. జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుడు కూర్చుని ఉండగా, పోలీసులు చుట్టూ ఉండగా, డోంగ్రియా కోంధ్ ఆడామగా లేచి నిలబడి పేరు చెప్పుకుని "ఇది మా నియమరాజు కొండ, ఇవ్వం" అన్నారు. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి.

ఇక్కడ ఆగి ఒక్కసారి ఆలోచించండి. కొండ వద్దన్నవాడి మాట జడ్జి ముందు, పేరుతో, వేలిముద్రతో రికార్డయింది. కొండ కావాలన్నవాడి డబ్బు పేరు లేకుండా, నంబరు కనపడకుండా పార్టీ ఖాతాలో పడింది. మన మాటకి రహస్యం లేదు, వాళ్ళ డబ్బుకి ఉంది. ఒక దేశంలో రెండు రకాల పౌరులు అంటే ఇదే కదా.

ఇప్పుడు ఎవరైనా అడుగుతారు: "బాండు ఇచ్చాడు కాబట్టి లీజు ఇచ్చారని నీ దగ్గర రుజువుందా?" లేదు. నేను అలా అనడం లేదు. ఫలానా బాండుకి ఫలానా సంతకం వచ్చిందని చెప్పగలిగే స్థితిలో ఓటరు ఉండకూడదనే కదా రహస్యం పెట్టింది. ఐదారేళ్ళ తర్వాత కోర్టు కొరడా తీస్తే బయటికొచ్చిన జాబితా పట్టుకుని రుజువు చూపించమంటే ఎక్కడ నుంచి తేవాలి?

రుజువు మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి ఆ భూమిలో ఉన్నామని మనం చూపించాలి. తాతలు దున్నిన పోడుకి కాగితం ఎక్కడిది? ఊరి పెద్దల వాంగ్మూలం, పాత జరిమానా రసీదు, సమాధి రాళ్ళు, ఏది దొరికితే అది పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ఒక కాగితం తక్కువైతే దరఖాస్తు తిరస్కరణ. అర ఎకరానికి ఇంత రుజువు అడిగే ప్రభుత్వం, 400 కోట్లిచ్చినవాడిని పేరు కూడా అడగొద్దని చట్టం చేసింది.

వెనక తేదీతో చట్టం మార్చిన కథ ఇంకా ఉంది. ఇది మన గ్రూపులో చాలామందికి తెలియదు. విదేశీ కంపెనీల దగ్గర పార్టీలు డబ్బు తీసుకోకూడదని 1976 నుంచి చట్టం ఉంది. వేదాంత గ్రూపు కంపెనీల నుంచి కాంగ్రెస్, బీజేపీ రెండూ విరాళాలు తీసుకున్నాయని ఏడీఆర్ అనే సంస్థ, విశాఖలో ఉండే మాజీ ఐఏఎస్ ఇ.ఎ.ఎస్. శర్మ గారు ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళారు. 2014 మార్చిలో కోర్టు రెండు పార్టీలూ చట్టాన్ని ఉల్లంఘించాయని తేల్చింది, చర్య తీసుకోమంది. చర్య తీసుకున్నారా? చట్టాన్నే మార్చారు. 2016లో ఫైనాన్స్ చట్టంలో విదేశీ కంపెనీ అనే మాటకి అర్థం మార్చేశారు. అది చాలక 2018లో ఆ మార్పు 1976 ఆగస్టు నుంచే అమల్లో ఉన్నట్టు రాసుకున్నారు. నలభై రెండేళ్ళు వెనక్కి! ఆ ఏడు ఫైనాన్స్ బిల్లు లోక్‌సభలో గొడవల మధ్య చర్చ లేకుండానే పాసైంది. రోజూ తిట్టుకునే రెండు పార్టీలకీ ఒకే సవరణతో మేలు జరిగింది.

హాస్టల్లో ఉండే మనకి తేదీలంటే ఏంటో బాగా తెలుసు. స్కాలర్‌షిప్ రెన్యూవల్ ఒక్కరోజు దాటితే సైట్ మూసేస్తారు. కుల ధ్రువీకరణలో ఇంటిపేరు అక్షరం తేడా ఉంటే ఎమ్మార్వో ఆఫీసుకి మళ్ళీ నాలుగు బస్సులు మారాలి. "రూల్ అంటే రూల్" అంటారు. అవును, రూల్ అంటే రూలే. కానీ అది పైవాళ్ళకి నలభై రెండేళ్ళు వెనక్కి వంగుతుందని తెలిశాక, మనల్ని ఆ మాట అనే హక్కు ఎవరికుంది?

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నా. అన్న అడిగిన జీవో 3 సంగతి.

2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జీల బెంచ్ జీవో 3 కొట్టేసింది. షెడ్యూల్డ్ ఏరియాలో టీచరు పోస్టులు నూటికి నూరు మనకే అన్న నియమం పోయింది. తర్వాత ప్రతి ఎన్నికలోనూ ప్రతి పార్టీ ఏదో ఒకటి చేస్తామంది. ఎందుకు తేలట్లేదు? మనకి ఎమ్మెల్యేలు లేకనా? ఆంధ్రలో ఏడు, తెలంగాణలో పన్నెండు అసెంబ్లీ సీట్లు ఎస్టీలకి రిజర్వు. లోక్‌సభకి అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్. ఐదో షెడ్యూలు ప్రకారం గిరిజన సలహా మండలిలో నాలుగింట మూడొంతులు మన ఎమ్మెల్యేలే ఉండాలి. గవర్నర్‌కి సలహా చెప్పే చోటు అది. కాగితం మీద మనకంటే బలవంతులు లేరు.

కానీ ఆ ఎమ్మెల్యే ఎలా ఎమ్మెల్యే అయ్యాడో చూడండి. ఎన్నికల సంఘం లెక్కలో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షల వరకు ఖర్చు పెట్టొచ్చు, ఎంపీ అభ్యర్థి 95 లక్షలు. మన దగ్గర నలభై లక్షలు సొంతంగా ఉన్నవాడెవడు? ఒక టీచరు, ఒక సర్పంచి, రిటైరైన ఒక ఉద్యోగి. ఆ డబ్బు పార్టీ పెట్టాలి. పైగా అభ్యర్థికి పరిమితి ఉంది గానీ పార్టీ ఖర్చుకి పరిమితే లేదు. హెలికాప్టర్, టీవీ ప్రకటనలు, సోషల్ మీడియా, అన్నీ పార్టీ ఖాతా. పార్టీ ఖాతాలో డబ్బు కంపెనీలది. గెలిచాక పార్టీ విప్ దాటి ఓటేస్తే ఫిరాయింపుల చట్టం కింద పదవి పోతుంది. ఆ చట్టం వచ్చింది 1985లో. కంపెనీ విరాళాల తలుపు మళ్ళీ తెరిచింది కూడా 1985లోనే. మన ఎమ్మెల్యే నోరు పార్టీ చేతిలోకి పోయిన ఏడే, పార్టీ జేబు కంపెనీకి తెరుచుకుంది.

అంబేద్కర్ గారి రాజ్యాంగం మనకి సీటు రిజర్వ్ చేసింది. ఆ సీటులో కూర్చున్నవాడికి డబ్బు ఎవరివ్వాలో ఎవరూ రిజర్వ్ చేయలేదు. అందుకే మైనింగ్ మాట వచ్చినప్పుడల్లా మన ప్రతినిధులు ఊళ్ళో ఒకటి, అసెంబ్లీలో ఒకటి మాట్లాడతారు. వాళ్ళందరూ చెడ్డోళ్ళని నేననను. కొందరు మన పక్షానే నిలబడ్డారు. కానీ నిలబడినందుకు మళ్ళీ టికెట్ వస్తుందన్న భరోసా ఏ ఒక్కడికీ లేదు. 2015లో జెర్రెల బాక్సైట్ కోసం జీవో 97 వచ్చింది. మన జనం రోడ్లెక్కారు, 2019లో రద్దయింది. రద్దు చేయించింది ఊళ్ళు. 1997 సమత తీర్పు తెచ్చింది కూడా నిమ్మలపాడు, బొర్రా వైపు ఊళ్ళ పోరాటం, కోర్టులో నిలబడిన ఒక సంస్థ. మనం గెలిచిన ప్రతిసారీ అసెంబ్లీ బయట గెలిచాం. లోపల పందొమ్మిది సీట్లున్నా బయట గెలవాల్సి వస్తుందంటే లోపల ఏదో అడ్డుంది. ఆ అడ్డు పేరే డబ్బు.

ఇక అందరూ అనే మాటలకి జవాబు.

"మనోళ్ళు ఐదొందలకి, క్వార్టర్ సీసాకి ఓటు అమ్ముకుంటారు, ముందు అది ఆపండి." ఆపాలి. నేను ఊళ్ళో చెప్తూనే ఉన్నా. కానీ ఐదొందలు తీసుకుంటే చట్టం కింద నేరం, తీసుకున్న ముసలమ్మ వీడియో వాట్సాప్‌లో తిరుగుతుంది. 500 కోట్లు తీసుకుంటే దానికి పథకం అని పేరు, గెజిట్‌లో ప్రకటన. ఆ ఐదొందల నోటు ఎక్కడ నుంచి వచ్చిందో కూడా అడగండి. పై నుంచి కిందకి వచ్చే డబ్బులో చివరి చుక్క అది. చివరి చుక్క తాగినవాడినే దొంగ అంటే ఎలా?

"కంపెనీలు చెక్కులివ్వకపోతే నల్లడబ్బిస్తాయి." ఇది బాండ్లు తెచ్చినవాళ్ళు చెప్పిన మాటే. నల్లడబ్బు ఆపడానికి రహస్యం అక్కర్లేదని కోర్టే చెప్పింది, వేరే దారులున్నాయంది. బాండ్లు నడిచిన ఆరేళ్ళలో మన ఊళ్ళలో నోట్ల పంపకం తగ్గిందా? మీరే చెప్పండి.

"కోర్టు కొట్టేసింది కదా, అయిపోయింది." అవ్వలేదు. డబ్బు ఆగలేదు, దారి మార్చుకుంది. ఇప్పుడు ఎలక్టోరల్ ట్రస్టుల ద్వారా, చెక్కుల ద్వారా పోతోంది. పేర్లు చెప్తారు, నిజమే. కానీ పది కంపెనీలు ఒక ట్రస్టులో వేస్తే, ట్రస్టు నాలుగు పార్టీలకిస్తే, ఏ కంపెనీ రూపాయి ఏ పార్టీకి చేరిందో తెలియదు. పార్టీలు ఏడాది లెక్క చూపించేసరికి ఎన్నిక అయిపోయి ఉంటుంది. 20 వేల లోపు విరాళాలకి పేరు చెప్పే పనే లేదు.

మనం ఏం అడగాలి? నా లెక్కలో నాలుగు.

ఒకటి, పార్టీకి పెద్ద విరాళం వచ్చిన కొద్దిరోజుల్లోనే పేరుతో సహా ఎన్నికల సంఘం సైట్లో పెట్టాలి, తెలుగులో కూడా. పోలింగ్‌కి ముందు తెలియని లెక్క ఓటరుకి ఎందుకూ పనికిరాదు.

రెండు, ప్రభుత్వ కాంట్రాక్టులు, గనుల లీజులు ఉన్న కంపెనీలు, వాటికోసం దరఖాస్తు పెట్టుకున్న కంపెనీలు పార్టీలకి రూపాయి ఇవ్వకూడదు. ఇది జరగని పనేం కాదు. ఎన్నికల్లో డబ్బు ఏరులై పారే అమెరికాలో కూడా కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టర్లు కేంద్ర ఎన్నికల్లో విరాళాలివ్వకూడదని 1940 నుంచి రూల్ ఉంది.

మూడు, పార్టీ ఖర్చుకి కూడా పరిమితి పెట్టాలి. రిజర్వుడు సీట్లలో పోటీ చేసేవాళ్ళకి ప్రచార సామగ్రి, ప్రసార సమయం ప్రభుత్వమే ఇచ్చే పద్ధతి మొదలుపెట్టాలి. అభ్యర్థులకి ప్రభుత్వమే కొంత సాయం వస్తు రూపంలో ఇవ్వాలని 1998లోనే ఇంద్రజిత్ గుప్తా కమిటీ చెప్పింది.

నాలుగోది మన చేతిలోనే ఉంది, ఢిల్లీని అడగక్కర్లేదు. మన ఊరికి గని, డ్యామ్, ఫ్యాక్టరీ పేరుతో ఏ కంపెనీ వచ్చినా గ్రామసభలో మొదటి ప్రశ్న ఇదే ఉండాలి: "ఏ పార్టీకి ఎంతిచ్చారు? బాండ్లలో ఎంత, ట్రస్టులో ఎంత?" జవాబు చెప్పకపోతే చెప్పలేదని తీర్మానం పుస్తకంలో రాయాలి. జవాబు చెప్తే అది కూడా రాయాలి. సర్పంచి, కార్యదర్శి రాయకపోతే రాసేదాకా సంతకాలు పెట్టొద్దు. నియమగిరిలో జడ్జి ముందు మనోళ్ళు పేర్లు చెప్పుకుని మాట్లాడారు. కంపెనీ కూడా గ్రామసభ ముందు తన లెక్క చెప్పి మాట్లాడాలి.

దీనికి మనం చేయగలిగే పని ఒకటుంది. బాండ్లు కొన్నవాళ్ళ జాబితా, తీసుకున్న పార్టీల జాబితా ఎన్నికల సంఘం సైట్లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. నంబర్లు కలిపితే ఎవరి బాండు ఎవరికి చేరిందో తెలుస్తుంది. ఒక్కో మండలం నుంచి ఇద్దరు చాలు. మీ మండలంలో లీజులున్న, లీజు కోసం తిరుగుతున్న, రోడ్డో డ్యామో కడుతున్న కంపెనీల పేర్లు రాయండి. డిగ్రీ సెకండియర్, థర్డియర్ వాళ్ళు ఆ పేర్లని జాబితాలో వెతకండి. కంపెనీ పేరు లేకపోతే దాని మాతృసంస్థ పేరు చూడండి, ఒక్కోసారి వేరే పేరుతో ఉంటుంది. దొరికితే దొరికిందని, లేకపోతే లేదని రాయండి. లేనిదాన్ని ఉందని ఒక్క లైను కూడా రాయొద్దు. మన దగ్గర ఒక్క అబద్ధం దొరికితే వాళ్ళు మిగతా నిజాలన్నీ దాంతో తుడిచేస్తారు.

కుర్రాళ్ళం, మనకెందుకు అనుకోవద్దు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. మీలో చాలామంది అంతే. మన అమ్మానాన్నలు ఆ జాబితా చదవలేరు, మనం చదవగలం. సెలవులకి ఊరెళ్ళినప్పుడు మన భాషలో కూర్చోబెట్టి చెప్పగలం: కువిలో, కోయలో, గోండిలో, సవరలో.

ఏ మండలం ఎవరు తీసుకుంటారో కింద రాయండి. పాడేరు, జి.మాడుగుల నేను తీసుకుంటున్నా. ఒప్పుకోనివాళ్ళు ఎందుకు ఒప్పుకోరో కూడా రాయండి, తిట్టకుండా. జీవో 3 అన్న ముందు రాయాలని నా కోరిక.

జోహార్.